రూట్ ఎవరో ముందే తేల్చండి

మేనేజ్డ్ స్విచ్‌ని అట్టపెట్టెలోంచి తీసి, ర్యాక్‌లో బిగించి, కరెంటిచ్చి కేబుళ్ళు పెడితే చాలు, పని మొదలుపెట్టేస్తుంది. చాలా స్విచ్‌లలో స్పానింగ్ ట్రీ కూడా దానితోపాటే ఎవరూ అడక్కుండా నడవడం మొదలుపెడుతుంది. చవకరకం స్విచ్‌లు కొన్నిటిలో మాత్రం ఆపేసి వస్తుంది కాబట్టి, మెనూలోకి వెళ్ళి చూడకుండా ఉందనుకోవద్దు. అడక్కుండా వచ్చినదాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. నెట్‌వర్క్ పని కొత్తగా చేతికొచ్చినవాళ్ళు దీన్ని అక్కడితోనే వదిలేస్తారు: ఆన్‌లో ఉంది, లూప్ రాదు, ఇంకేం కావాలి? కావలసింది చాలా ఉంది. ఆ ట్రీకి రూట్ ఏ స్విచ్ కావాలి, అది పోతే ఆ బాధ్యత ఎవరికి వెళ్ళాలి, ఏ పోర్టుల వైపు నుంచి ఆ హోదాని ఎవరూ అడగడానికి వీల్లేదు అన్నవి మనిషి కూర్చుని తేల్చవలసిన విషయాలు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో సీసీఎన్‌ఏ చదివినవాళ్ళకి రూట్ బ్రిడ్జ్ ఎన్నిక నోటికొచ్చు. పరీక్షలో అడిగేది ఈ బొమ్మలో రూట్ ఎవరవుతారని. ఉద్యోగంలో వేసుకోవలసిన ప్రశ్న ఎవరవ్వాలని. మొదటిదానికి సమాధానం స్విచ్‌లే చెబుతాయి, రెండోదానికి మీరే చెప్పాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈథర్నెట్‌లో ఒక పుట్టులోపం ఉంది. ఐపీ ప్యాకెట్ మీద టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది. రౌటర్ దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది, సున్నాకొస్తే ప్యాకెట్‌ని అక్కడితో పారేస్తారు. అంటే ఐపీ ప్యాకెట్ దారి తప్పి గిరగిరా తిరిగినా ఎప్పటికో చస్తుంది. ఈథర్నెట్ ఫ్రేముకి ఆ చావు లేదు. స్విచ్‌ల మధ్య చుట్టూ తిరిగొచ్చే దారి ఒకటుండి, దాన్ని మూసేవాళ్ళు లేకపోతే, ఏదో ఒక కంప్యూటర్ ‘ఈ ఐపీ ఎవరిది’ అని వేసిన ఒక్క ఏఆర్‌పీ కేక ఆ చుట్టులో ఆగకుండా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ మిగతా పోర్టులన్నిట్లోకీ ఒక్కో నకలు పడుతుంది. కేకలు వేసే కంప్యూటర్లు వందల్లో ఉంటాయి కాబట్టి లింకులు నిండిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆ సమయంలో సర్వర్ గదిలోకి వెళితే తేడా కంటికే తెలుస్తుంది. మామూలుగా ఒక్కో పోర్టు లైటు దాని లెక్కలో అది మిణుకుమంటుంది. బ్రాడ్‌కాస్ట్ తుపానులో అన్నీ ఒకే లయలో కొట్టుకుంటాయి. ఒకే మ్యాక్ అడ్రస్ రెండు పోర్టుల మధ్య గెంతుతోందని లాగ్‌లో హెచ్చరికలు వరసకడతాయి. తన పనిలో తానే మునిగిపోయిన స్విచ్‌లోకి నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అవ్వడం కుదరదు, కన్సోల్ కేబుల్ వెతుక్కోవాలి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ 1985లో తయారుచేసిన స్పానింగ్ ట్రీ ఈ చిక్కుకే విరుగుడు. 1990లో ఐఈఈఈ దాన్ని 802.1డి ప్రమాణంలో చేర్చింది. తిరుగుదారి ఉన్నచోట ఒక పోర్టుని మూసి ఉంచడం, తెరిచి ఉన్న దారి తెగితే మూసినదాన్ని తెరవడం దాని పని.

ఏ పోర్టు మూయాలో తేలాలంటే ముందు ఒక కేంద్రం కావాలి. అదే రూట్. స్విచ్‌లు రెండు సెకన్లకొకసారి బీపీడీయూ అనే చిన్న సందేశాలు పంపుకుని, ఎవరి బ్రిడ్జ్ ఐడీ తక్కువైతే వాళ్ళని రూట్‌గా ఒప్పుకుంటాయి. ఆ ఐడీలో ముందు ప్రయారిటీ అంకె, వెనక మ్యాక్ అడ్రస్. ప్రయారిటీ ఫ్యాక్టరీలో 32768గా పెట్టి పంపుతారు, అన్ని స్విచ్‌లలోనూ అదే అంకె. అంకె సమానమైతే మ్యాక్ అడ్రస్ చిన్నదెవరిదో వాళ్ళు గెలుస్తారు. మ్యాక్ అడ్రస్ అంటే తయారీ కంపెనీ వేసుకున్న నంబరు. దానికీ స్విచ్ వేగానికీ, మీ భవనంలో అది ఎక్కడుందన్నదానికీ ఏ సంబంధమూ లేదు. ఊళ్ళో ఎవరి రేషన్ కార్డు నంబరు చిన్నదైతే వాళ్ళే సర్పంచ్ అన్నట్టుంటుంది ఈ పద్ధతి. పైగా ఒకే కంపెనీ సరుకులో ముందు తయారైనవాటికి చిన్న నంబరు పడే అవకాశం ఎక్కువ. కాబట్టి మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పాతది, నెమ్మదైనది, ఏ మూలనో దుమ్ము పట్టినది రూట్ అయి కూర్చోవడం అరుదేమీ కాదు.

అయితే ఏమైంది, ఎవరో ఒకరు రూట్ కావాలి కదా, లూప్ ఎలాగూ తప్పింది కదా అనొచ్చు. ఒక ఇంజనీరింగ్ కాలేజీని ఊహించుకుని లెక్క వేసి చూద్దాం. సర్వర్ గదిలో ఒక పెద్ద స్విచ్, లైబ్రరీ భవనంలో ఇంకో పెద్ద స్విచ్, రెంటి మధ్య 1 జీబీపీఎస్ ఫైబర్. ల్యాబ్‌లో పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఉంది. ఒక దారి తెగినా ఇంకోటి ఉండాలని దాన్నుంచి రెండు పెద్ద స్విచ్‌లకీ చెరో కేబుల్ వేశారు. పాత కాస్ట్ పట్టిక ప్రకారం 1 జీబీపీఎస్ లింకు ఖర్చు 4, 100 ఎంబీపీఎస్‌ది 19. ల్యాబ్ స్విచ్ మ్యాక్ చిన్నదై అది రూట్ అయిందనుకోండి. సర్వర్ గది నుంచి రూట్‌కి నేరుగా వెళితే 19. లైబ్రరీ నుంచి నేరుగా 19, ఫైబర్ మీదుగా సర్వర్ గదికి పోయి వెళితే 4, 19 కలిపి 23. రెండూ నేరుదారినే ఎంచుకుంటాయి. మధ్యలోని ఫైబర్ ఇద్దరికీ రూట్ దారి కాకుండా పోయింది కాబట్టి స్పానింగ్ ట్రీ దాన్ని ఒక కొసన మూసేస్తుంది. లక్షలు పోసి తవ్వించి వేసిన ఫైబర్ ఖాళీగా పడుంటుంది. లైబ్రరీకీ సర్వర్లకీ మధ్య నడిచే మొత్తం ట్రాఫిక్ ల్యాబ్‌లోని 100 ఎంబీపీఎస్ సందులోంచి ఈడ్చుకుంటూ పోతుంది. నెట్‌వర్క్ ఆగదు, ఎర్రలైటు వెలగదు, లాగ్‌లో తప్పు కనిపించదు. నెట్ నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదు ఒక్కటే వస్తూ ఉంటుంది, దానికి జవాబుగా బ్యాండ్‌విడ్త్ పెంచమని ఇంటర్నెట్ కంపెనీకి ఉత్తరాలు వెళుతుంటాయి. అదే సర్వర్ గది స్విచ్‌ని రూట్ చేస్తే ల్యాబ్‌కీ లైబ్రరీకీ మధ్యనున్న సన్నదారి మూసుకుంటుంది, ఫైబర్ తెరుచుకుంటుంది. మారింది ఒక్క అంకె.

ఇక్కడ సీనియర్ల నుంచి వచ్చే మాట ఒకటుంది: నడుస్తున్నదాన్ని కదపొద్దు. సర్వర్ గదుల్లో ఈ మాటకి వేదవాక్యమంత విలువ, అది ఊరికే రాలేదు కూడా. పట్టపగలు రూట్ మారిస్తే స్విచ్‌లన్నీ దారులు మళ్ళీ లెక్కవేసుకుంటాయి, పాత రకం స్పానింగ్ ట్రీలో అరనిమిషం వరకూ ట్రాఫిక్ ఆగిపోవచ్చు. కాబట్టి ఆదివారమో, రాత్రో చేయమంటే ఒప్పుకోవలసిందే. అసలు చేయొద్దంటే మాత్రం ఒప్పుకోలేం. మీరు కదపకపోయినా అది కదులుతుంది. స్టోర్‌రూంలో పడున్న పాత స్విచ్‌ని ఎవరో తెచ్చి, పోర్టులు చాలడం లేదని ఏదో గదిలో తగిలిస్తారు. దాని మ్యాక్ చిన్నదైతే అదే క్షణంలో కొత్త ఎన్నిక, కొత్త రూట్. మార్పు ఎలాగూ తప్పనప్పుడు అది మనం ఎంచుకున్న ఆదివారం జరగడం మేలా, పరీక్షలు నడుస్తున్న సోమవారం ఉదయం జరగడం మేలా?

పని కీబోర్డు మీద కాదు, కాగితం మీద మొదలవ్వాలి. స్విచ్‌లన్నీ గీసి, ఏ పోర్టు నుంచి ఏ పోర్టుకి కేబుల్ వెళుతోందో రాసి, ప్రతి స్విచ్‌లో ‘షో స్పానింగ్-ట్రీ’ కొట్టి ప్రస్తుతం రూట్ ఎవరో, ఏ పోర్టు మూసుకుని ఉందో ఆ బొమ్మ మీదే గుర్తుపెట్టండి. ఇందులో సగం పని కేబుళ్ళు ఎటు పోతున్నాయో కనుక్కోవడమే, ఓపిక కావాలి. ఆ తర్వాత ఎక్కువ ట్రాఫిక్ ఎటు వెళుతుందో చూసి, సాధారణంగా సర్వర్లూ రౌటరూ ఎక్కడుంటే ఆ స్విచ్‌కి 4096, దానికి వారసుడిగా అనుకున్నదానికి 8192 ఇవ్వండి. మిగతావాటిని 32768 దగ్గరే వదిలేయండి. ప్రయారిటీ 4096 మెట్ల చొప్పున మాత్రమే మారుతుంది, మధ్యలో ఏ అంకె కొట్టినా స్విచ్ ఒప్పుకోదు. సున్నా ఇస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అంటారు కొందరు. ఉంటుంది, కానీ రేపు కొత్త పెద్ద స్విచ్ వచ్చినప్పుడు పాతదాన్ని ముట్టుకోకుండా దాన్ని పైకి తేవడానికి ఒక మెట్టు ఖాళీగా ఉంచుకోవడం మంచిది. సిస్కో స్విచ్‌లలో ఒక్కో వీల్యాన్‌కి ఒక్కో ట్రీ నడుస్తుంది కాబట్టి ఒకటో వీల్యాన్‌కి మాత్రమే ప్రయారిటీ పెట్టి మిగతావి మర్చిపోవడం తరచూ జరిగే పొరపాటు. వీల్యాన్ 10లో 32768 బదులు 32778 కనిపిస్తే కంగారుపడొద్దు, అది వీల్యాన్ నంబరు కలిసిన అంకె. ‘రూట్ ప్రైమరీ’ అనే కమాండ్ కూడా ఒకటుంది. అది కొట్టిన క్షణంలో ఉన్న పరిస్థితిని బట్టి ఒక అంకె రాసి ఊరుకుంటుంది, తర్వాత ఎవరైనా అంతకన్నా తక్కువతో వస్తే కాపలా కాయదు. అందుకే అంకెని నేరుగా మీ చేత్తో రాయడమే నయం.

ట్రీ రకం కూడా అదే రోజు చూసుకోండి. పాత స్విచ్‌లలో మొదటితరం స్పానింగ్ ట్రీయే డీఫాల్ట్‌గా నడుస్తుంటుంది. అందులో దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది. 2001లో వచ్చిన ర్యాపిడ్ రకం అదే పనిని చాలాసార్లు సెకను లోపే ముగిస్తుంది. వేగం కోసం హలో, ఫార్వర్డ్ డిలే టైమర్లు తగ్గించే సలహాలు పాత పుస్తకాల్లో కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. వేర్వేరు కంపెనీల స్విచ్‌లు కలిసున్నచోట ఎమ్‌ఎస్‌టీపీ మంచి ఎంపిక. కాకపోతే దానికి రీజియన్ పేరు, రివిజన్ నంబరు, ఏ వీల్యాన్ ఏ ఇన్‌స్టాన్స్‌లోకి వెళుతుందన్న పట్టిక అన్ని స్విచ్‌లలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. పేరులో ఒక చిన్నక్షరం పెద్దక్షరమైనా అది వేరే రీజియన్ అయి కూర్చుంటుంది.

రూట్ ఎవరో తేలాక, దాన్ని కాపాడేది అంచున ఉండే పోర్టులు. కంప్యూటర్, ప్రింటర్, కెమెరా తగిలే పోర్టులని ఎడ్జ్ పోర్టులుగా ప్రకటించాలి. సిస్కోలో దీన్నే పోర్ట్‌ఫాస్ట్ అంటారు. ప్రకటించకపోతే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఆ పోర్టు లిజనింగ్‌లో 15 సెకన్లు, లెర్నింగ్‌లో 15 సెకన్లు కూర్చుంటుంది. ఈలోగా ఐపీ అడ్రస్ కోసం డీహెచ్‌సీపీని అడిగిన కంప్యూటర్ జవాబు రాక విసిగి 169.254తో మొదలయ్యే అడ్రస్ తనకి తానే పెట్టుకుంటుంది. ‘పొద్దున్నే నెట్ రాదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది’ అన్న ఫిర్యాదులు కొన్నిటి వెనక ఉన్నది ఇదే. ఇంకో నష్టం పైకి కనిపించదు. ఎడ్జ్ అని చెప్పని పోర్టులో కంప్యూటర్ ఆన్ అయినా ఆఫ్ అయినా పాత స్పానింగ్ ట్రీ దాన్ని నెట్‌వర్క్ ఆకారం మారినట్టే లెక్కేసుకుంటుంది. అప్పుడు స్విచ్‌లన్నీ మ్యాక్ పట్టికని 300 సెకన్లకి బదులు 15 సెకన్లకే మర్చిపోవడం మొదలుపెడతాయి. ఎవరెక్కడున్నారో మర్చిపోయిన స్విచ్ ఫ్రేముని అన్ని పోర్టుల్లోకీ కుమ్మరిస్తుంది. రెండొందల కంప్యూటర్లున్న కాలేజీలో ఉదయం తొమ్మిదింటికి ఇది ఎన్నిసార్లు జరుగుతుందో ఊహించుకోండి.

ఎడ్జ్ పోర్టు మీద బీపీడీయూ గార్డ్ కూడా పెట్టాలన్నప్పుడే గొడవ మొదలవుతుంది. ఆ పోర్టులోకి బీపీడీయూ వచ్చిందంటే అవతల స్విచ్ ఉందన్నమాట. వెంటనే పోర్టు మూతపడుతుంది. స్టాఫ్ రూంలో ఎవరో తమ అవసరానికి చిన్న స్విచ్ తెచ్చి తగిలిస్తారు, గదంతా నెట్ పోతుంది, ఫోను మీకొస్తుంది. ఇంత కఠినంగా ఉండాలా, మనుషులు పని చేసుకోవద్దా అన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. దానికి విరుగుడు గార్డ్ తీసేయడం మాత్రం కాదు. ఒక గది వాళ్ళు అరగంట ఇబ్బంది పడటం, క్యాంపస్ అంతా పూటంతా పడుకోవడం, ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. అదనపు పోర్టులు కావాలంటే ఎవరిని అడగాలో గోడ మీద రాసి పెట్టండి, అడిగినవాళ్ళకి త్వరగా ఇవ్వండి. మూతపడిన పోర్టు తానే తెరుచుకునేలా పెట్టొచ్చు కూడా. ఆ ఏర్పాటు ఆన్ చేస్తే సిస్కోలో డీఫాల్ట్ గడువు 300 సెకన్లు. ఇక కింది అంతస్తుల స్విచ్‌ల వైపున్న పోర్టుల మీద రూట్ గార్డ్ పెడితే, అటునుంచి ‘నేనే రూట్’ అని ఎవరైనా వచ్చినప్పుడు ఆ పోర్టు పక్కకి తప్పుకుంటుంది, ఆ మాట ఆగగానే మళ్ళీ దానంతటదే కలుస్తుంది. మీ కాగితం మీద ఉన్న నిర్ణయాన్ని అమలుచేసేది ఇదే.

మా దగ్గర రెండో దారే లేదు, అన్నీ ఒంటి కేబుళ్ళే, స్పానింగ్ ట్రీ ఆపేస్తే సరిపోదా అనేవాళ్ళు ఇంకొందరు. లూప్‌లు డిజైన్‌లోంచి వచ్చేవాటికన్నా చేతుల్లోంచి వచ్చేవే ఎక్కువ. బల్ల కింద వేలాడుతున్న కేబుల్ కొసని ఊడ్చేవాళ్ళు చూసి, ఊడిపోయిందనుకుని దగ్గర్లో ఉన్న సాకెట్‌లో పెడతారు. దాని రెండో కొస అప్పటికే పక్క సాకెట్‌లో ఉంటుంది. ఐపీ ఫోన్ వెనక రెండు పోర్టులుంటాయి, ఒకటి గోడకి, ఇంకోటి కంప్యూటర్‌కి. రెండూ గోడకే పెడితే లూప్. ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. స్పానింగ్ ట్రీ కూడా అన్నిట్నీ పట్టుకోలేదన్నది నిజం. కొన్ని చిన్న స్విచ్‌లు బీపీడీయూలని మింగేస్తాయి, వాటి అవతల పడిన లూప్ మన స్విచ్‌కి కనిపించదు. అందుకే స్టార్మ్ కంట్రోల్, ఉన్నచోట లూప్‌బ్యాక్ డిటెక్షన్ తోడుగా పెట్టాలి. బీపీడీయూ ఫిల్టర్ అనే సెట్టింగ్ మాత్రం పోర్టు మీద పెట్టే ముందు పదిసార్లు ఆలోచించండి. పేరు గార్డ్‌కి దగ్గరగా ఉంటుంది, పని పూర్తిగా వేరు. అది బీపీడీయూలని పంపనివ్వదు, వచ్చినవాటిని పట్టించుకోదు, అంటే ఆ పోర్టులో స్పానింగ్ ట్రీ లేనట్టే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది: స్పానింగ్ ట్రీయే పాతబడింది, డబ్బు పెట్టి వేసిన లింకుల్లో కొన్నిటిని ఖాళీగా ఉంచే పద్ధతి మీద ఇంత శ్రమ ఎందుకు? దీన్ని తోసిపుచ్చలేం. పెర్ల్‌మనే తర్వాతి కాలంలో దీని స్థానంలోకి ట్రిల్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. పెద్ద డేటా సెంటర్లు చాలావరకు రౌటింగ్ వైపు వెళ్ళిపోయాయి. అమెరికాలోని బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ 2002 నవంబరు 13న కూలి, దాదాపు నాలుగు రోజులు డాక్టర్లూ నర్సులూ కాగితాల మీద పనిచేయవలసి వచ్చింది. అక్కడి సమాచార విభాగం అధిపతి జాన్ హలమ్‌కా జరిగినదాన్ని దాచకుండా బయటపెట్టారు. ఒక పరిశోధకుడి ప్రోగ్రాం భారీగా డేటా పంపడం పైకి కనిపించిన కారణం. లోపలి కారణం, ఏళ్ళ తరబడి ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయిన స్విచ్‌లు స్పానింగ్ ట్రీ భరించగల దూరాన్ని దాటిపోవడం. డీఫాల్ట్ టైమర్లు ఏడు స్విచ్‌ల దూరాన్ని దృష్టిలో పెట్టుకుని లెక్కకట్టినవి. ఈ సంగతి స్పానింగ్ ట్రీ హద్దుల్ని చూపిస్తుంది, ఆకారం ఎవరూ తేల్చకపోతే అది తనంతట తానే ఎలా పెరుగుతుందో కూడా చూపిస్తుంది. కాబట్టి భవనానికీ భవనానికీ మధ్య రౌటింగ్ పెట్టగలిగితే పెట్టండి. రెండు స్విచ్‌ల మధ్యే రెండు కేబుళ్ళుంటే ఎల్ఏసీపీతో కట్టండి, రెండూ పనిచేస్తాయి, స్పానింగ్ ట్రీకి ఒక్కటిగానే కనిపిస్తాయి. ఇంత చేశాక కూడా ప్రతి భవనంలో స్విచ్‌లుంటాయి, బల్లలుంటాయి, వేలాడే కేబుల్ కొసలుంటాయి. అక్కడ రూట్ ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

చివరిగా పరీక్ష. మార్పు చేసిన రోజే, ఆ సమయంలోనే, ఒక కంప్యూటర్ నుంచి సర్వర్‌కి ఆగకుండా పింగ్ పెట్టి, తెరిచి ఉన్న దారిలోని కేబుల్ పీకేయండి. ఒకటి రెండు జవాబులు పోయి మళ్ళీ వస్తే ర్యాపిడ్ సరిగ్గా పనిచేస్తున్నట్టు. అరనిమిషం మూగబోతే ఎక్కడో పాతరకం మిగిలింది. ‘షో స్పానింగ్-ట్రీ’లో ప్రతి పోర్టు పక్కనా టైప్ అనే గడి ఉంటుంది. అక్కడ పీ2పీ అని కాకుండా షేర్డ్ అనుంటే ఆ లింకు హాఫ్ డూప్లెక్స్‌లో పడిందన్నమాట, ర్యాపిడ్ అక్కడ వేగంగా మారలేదు. ‘పీర్ ఎస్‌టీపీ’ అనుంటే అవతలి స్విచ్ ఇంకా పాతరకంలోనే ఉంది. కేబుల్ మళ్ళీ పెట్టి, తర్వాత రూట్ స్విచ్‌నే ఆపేసి, 8192 ఇచ్చిన వారసుడే పైకొచ్చాడో లేదో చూడండి. వారం తర్వాత ‘షో స్పానింగ్-ట్రీ డీటెయిల్’ కొట్టి, ఎన్నిసార్లు ఆకారం మారింది, చివరి మార్పు ఎంతసేపటి కింద ఏ పోర్టు నుంచి వచ్చింది అన్న వరస చదవండి. ఆ అంకె రోజుకి పదుల్లో పెరుగుతుంటే, అందులో రాసున్న పోర్టు పట్టుకుని కింది స్విచ్‌లోకి వెళ్ళండి, అక్కడా అదే కమాండ్ కొట్టి ఇంకా కిందికి దిగండి. ఆ దారి చివర దొరికేది చాలాసార్లు ఎడ్జ్ అని ప్రకటించడం మర్చిపోయిన ఏదో కంప్యూటర్ పోర్టు, లేదా క్లిప్పు విరిగి సాకెట్‌లో నిలవని కేబుల్.